తవుడుతో పోయిన బలము

బిడ్డ కడుపునిండ తిన్నదా లేదా యని విచారింపని తల్లి యుండదు. ఆ తిన్న యన్నములో ఏమున్నది, ఏమి లేదు అని విచారించు తల్లులు మాత్రము కొలదిమందియే. ఇందుకు తల్లులను నిందించుట న్యాయము కాదు. ఆకలి కంటికి కనబడును. బిడ్డ యేడ్చును, చేయి చాచును. విటమినుల కొరత అట్లు కనబడదు. అది కనబడునాటికే వ్యాధి చాల దూరము వచ్చియుండును. కడుపునిండ అన్నము తినుచునే యెముకలు వంగిన బిడ్డలును, చూపు పోగొట్టుకొన్న బిడ్డలును, తల్లిపాలు త్రాగుచు త్రాగుచునే ప్రాణము విడిచిన బిడ్డలును మన దేశమున నుండిరి. ఈ చివరి మాట కొందరు సోదరీమణులకు నమ్మశక్యము కాకపోవచ్చును. అందుచేత ముందుగా దానినే వివరింపదలచితిమి. అది మన తెలుగు జిల్లాలలో జరిగిన కథయే యగుట మరియొక కారణము.

విటమినులనగా నేమో ముందు రెండు మాటలలో చెప్పుకొందము. బియ్యము, జొన్నలు, రాగులు, నూనె, నెయ్యి దేహమునకు వేడిమిని, పనిచేయు శక్తిని ఇచ్చును. పప్పు, పాలు, గ్రుడ్లు, చేపలు కండను పెంచును. వీనితోడ మరికొన్ని పదార్థములు మిక్కిలి స్వల్పముగా ఆహారమున ఉండి తీరవలెను. వీనినే విటమినులు, జీవసత్త్వములు అని యందురు. ఇవి దినమునకు గ్రాములో వేయవ వంతుల లెక్కను చాలును. కొన్నియైతే పది లక్షలవ వంతుల లెక్కనే చాలును. పొయ్యినిండ కట్టెలు పేర్చినంత మాత్రమున మంట రాదు గదా, అగ్గిపుల్ల గీయవలెను. కట్టెల బరువు ముందు అగ్గిపుల్ల బరువెంత? విటమినుల పని ఇంచుమించుగా అట్టిదే. పెద్దవారి దేహము పెరుగుట మానినది గనుక కొరతను కొన్నాళ్లు ఓర్చుకొనగలదు. చంటిబిడ్డ యైతే ఏడాది తిరుగులోపల పుట్టిననాటి బరువునకు మూడురెట్లు కావలెను. అంత వేగముగా పెరుగు దేహమునకు ఒక నెల కొరతయు పెద్ద కొరతయే.

ఈ సంగతి లోకమునకు తెలిసిన విధము విచిత్రముగా నుండును. జావాద్వీపమున బటేవియా నగరములో, అనగా నేటి జకార్తాలో, 1890 ప్రాంతమున ఐక్‌మన్ అను డచ్చి వైద్యుడు బెరిబెరి వ్యాధికి మూలమైన సూక్ష్మజీవిని వెదకుచుండెను. ఆ వ్యాధి పట్టినవారికి కాళ్లు తిమ్మిరులెక్కి పట్టుదప్పును. కొందరికి దేహమంతయు నీరుపట్టును. తుదకు గుండె యాగిపోవును. ఐక్‌మన్ పరిశోధనకై పెంచుకొనుచున్న కోళ్లు ఒక సమయమున కాళ్లు తేలవేసి కూలబడజొచ్చెను. కొన్ని నెలలు గడచునప్పటికి మందు లేకయే అవి తేరుకొన్నవి. ఏమి జరిగినదని యారా తీయగా వంటవాడు మారినాడని తేలినది. మొదటివాడు సైనికుల ఆసుపత్రిలో మిగిలిన తెల్లని యన్నమును కోళ్లకు వేయుచుండెను. క్రొత్తవాడు, సిపాయిలకు వండిన యన్నము ఊరి కోళ్లకేల యని యది మాన్పించి, పైపొర తీయని ముతక బియ్యమును వేయించెను. అతడు కోళ్లపై కోపగించి చేసిన పనియే కోళ్లను బ్రదికించినది!

ఐక్‌మన్ మొదట తెల్లబియ్యములో నేదో విషమున్నదని తలచెను. జావాలోని చెరసాలలలో విచారింపగా, తెల్లబియ్యము పెట్టుచోట బెరిబెరి మెండుగాను, ముతకబియ్యము పెట్టుచోట మిక్కిలి అరుదుగాను కనబడినది. ఆయన తరువాత అక్కడనే పనిచేసిన గ్రెయిన్స్ అను వైద్యుడు 1901లో అసలు మర్మము చెప్పెను: తెల్లబియ్యములో విషము లేదు, ఉండవలసినది లేదు. ఉండవలసినది తవుడుతో పోయినది. 1912లో ఫంక్ అను శాస్త్రజ్ఞుడు ఇట్టి పదార్థములకు విటమిను అను పేరు పెట్టెను. తవుడులో నున్నది నేడు బి1 విటమిననియు, థయమిననియు పిలువబడుచున్నది. ఐక్‌మన్‌నకు 1929లో నోబెలు బహుమానము వచ్చినది. పేరు తెలియని ఆ వంటవానికి ఏ బహుమానమును రాలేదు.

ఇక మన కథకు వత్తము. 1918వ సంవత్సరమున నీలగిరులలోని కూనూరులో మెక్కారిసన్ అను వైద్యుడు బెరిబెరిని గూర్చి పరిశోధన మొదలుపెట్టెను. నేడు హైదరాబాదులో నున్న జాతీయ పోషకాహార సంస్థ ఆ చిన్న పరిశోధనశాలయే పెరిగి పెద్దదై, 1958లో కూనూరు నుండి తరలివచ్చినది. బెరిబెరికై కూనూరులో పరిశోధన సాగుటకు కారణమున్నది. నాటి మద్రాసు రాజధానిలో ఆ వ్యాధికి పట్టుకొమ్మ మన ఉత్తర సర్కారుల సముద్రతీరమే. దక్షిణమున తమిళులును వరియన్నమే తినుచుండిరి. అక్కడ బెరిబెరి లేదనదగినంత తక్కువ. ఒకే బియ్యము, ఒకే మర, రెండు ఫలితములేల?

సమాధానము వడ్ల నుడికించుటలో నున్నది. తమిళదేశమున సామాన్యజనులు తినునది ఉప్పుడు బియ్యము. వడ్లను నానబెట్టి, ఆవిరిపై నుడికించి, ఎండబెట్టి పిమ్మట ఆడించెదరు. ఉడుకునప్పుడు పైపొరలోని బి1 విటమిను గింజ లోపలికి ఇంకును. పిమ్మట మరలో తవుడు పోయినను లోపలికి దిగినది గింజలోనే యుండును. మన సర్కారు జిల్లాలవారికి ఉప్పుడు బియ్యము రుచింపదు. మనకు పచ్చి బియ్యము, అందులోను మల్లెపూవువంటి తెల్లని బియ్యము కావలెను. ఇంటింట రోళ్లలో దంచుకొన్నంతకాలము ఈ రుచి వలన పెద్ద హాని కలుగలేదు. రోకటి పోటునకు తవుడంతయు రాలదు గదా. మరలు వచ్చి, గింజను నున్నగా సానపట్టుట మొదలుపెట్టిన పిమ్మట హాని మొదలైనది. ధవళేశ్వరమున 1852లో ఆనకట్ట పూర్తియై గోదావరి డెల్టా అన్నపూర్ణ యని పేరొందినది. ఆ యన్నపూర్ణ ముంగిటనే అన్నలోపపు వ్యాధి వెలసెను! మెట్టసీమలో జొన్నసంకటి, రాగియంబలి త్రాగు నిరుపేదను డెల్టావారు జాలిగా చూచుచుండిరి. ఆ పేదవాని ముంతలో నున్న బి1 విటమిను డెల్టావారి వెండి కంచములో లేదు.

పెద్దలకు తిమ్మిరులు, కాళ్లవాపు. పాలు త్రాగు పసిబిడ్డల సంగతి వేరు. కూనూరు పరిశోధనాలయమునకు 1935 మొదలు 1945 వరకు అధిపతిగా నుండిన ఎయ్‌క్రాయిడ్, ఆయనతో పనిచేసిన కృష్ణన్ అను వైద్యుడు, రాజధానిలో బెరిబెరి గల ప్రాంతమందలి శిశుమరణములను పరిశీలించి 1941లో ఒక పత్రము ప్రకటించిరి. తల్లి తిను నాహారమున బి1 లేనిచో ఆమె పాలలోను అది యుండదు. పాలు చిక్కగానే యుండును, కావలసినన్ని యుండును. బిడ్డ తృప్తిగా త్రాగును. తల్లికి అరచేతులలోనో అరికాళ్లలోనో కొంచెము తిమ్మిరి తప్ప మరే బాధయు నుండకపోవచ్చును. కొందరు తల్లులకు అదియు నుండదు.

బిడ్డకు రెండవ నెల మొదలు అయిదవ నెల వరకు గండము. అంతవరకు బొద్దుగా నున్న బిడ్డ పాలు పట్టుట తగ్గించును, వాంతులు చేసికొనును, ఊరక యేడ్చును. పిమ్మట గొంతు బొంగురుపోవును. కొన్ని సమయములలో బిడ్డ నోరు తెరచి యేడ్చుచుండును గాని శబ్దము రాదు. ఎగయూపిరి, డొక్కలెగురవేయుట, పెదవులు నీలివర్ణమగుట - ఇంతవరకు వచ్చినచో గుండె అలసినదని యర్థము. అప్పుడు గంటలలో ప్రాణము పోవును. ఉదయము నవ్విన బిడ్డ రాత్రికి లేకపోయిన యిండ్లెన్నో! బాలగ్రహమనియు, దృష్టిదోషమనియు, తల్లిపాలు విషమయ్యెననియు జనులు చెప్పుకొనుచుండిరి. తల్లిపాలు విషమను మాట విని బ్రదికినన్నాళ్లు కుమిలిన తల్లుల దుఃఖమును ఎవ్వరు లెక్కవేసిరి? పాలలో విషము లేదు. బియ్యములో విషము లేనట్లే పాలలోను లేదు. ఉండవలసిన దొకటి లేదు, అంతే.

ఈ వ్యాధికి మందు తెలిసిన పిమ్మట వైద్యశాస్త్రమున ఇంత వేగముగా గుణమిచ్చు మందులు కొలదిగనే యున్నవి. తుదియూపిరిలో నున్న బిడ్డకు థయమిను సూదిమందు ఇచ్చిన కొన్ని గంటలలోనే ఊపిరి కుదుటపడును, వర్ణము తిరుగును. సూదిమందు లేని కాలమున ఫిలిప్పీను దీవులలో తవుడును నానబెట్టి తీసిన సారమునే బిడ్డల నోట పోసిరి. 1910లో మనీలా నగరమున వెడ్డర్ అను సైనిక వైద్యుడు కోరగా ఆ సారమును తయారుచేసిన యువకుని పేరు రాబర్టు విలియమ్సు. అతని చేతి సారముతో బెరిబెరి పట్టిన శిశువు తేరుకొనుటను చూచినప్పటి నుండి ఆ తవుడులో నున్నదేమో కనిపెట్టవలెనను పట్టుదల ఆయనను విడువలేదు. పగలు టెలిఫోను సంస్థ పరిశోధనశాలలో ఉద్యోగము. తీరిక వేళల తవుడు. ఇరువదియారు సంవత్సరములు ఇట్లు గడచిన పిమ్మట 1936లో విలియమ్సు బి1 విటమినును ప్రయోగశాలలోనే తయారుచేయగలిగెను. నేడు మందుల దుకాణములో నతి చౌకగా దొరకు థయమినుకు మూలము అదియే. ఈ విలియమ్సు 1886లో పుట్టినది మన నెల్లూరులో! ఆయన తలిదండ్రులు అమెరికా నుండి వచ్చిన క్రైస్తవ మిషనరీలు. ఈ సంగతి నెల్లూరువారిలోనే యెందరికి తెలియునో మేము చెప్పజాలము.

ఇది పాతకథ యని సోదరీమణులు పుట తిప్పివేయవద్దని కోరుచున్నాము. ఇటీవలి సంవత్సరములలో కాశ్మీరమునందును, మన పొరుగుననున్న కర్ణాటకమునందును, గుండె విఫలమై ఆసుపత్రికి వచ్చిన పాలత్రాగు శిశువులు థయమిను ఇచ్చినంతనే కోలుకొనుటను వైద్యులు గమనించి ప్రకటించియున్నారు. ఆ తల్లులు తినుచుండినది పలుమారులు కడిగిన తెల్లని బియ్యము. దానికి తోడు బాలెంత పథ్యము. ధనిక దేశములకును ఈ గండము తప్పలేదు. 2003లో ఇజ్రాయెలు దేశమున ఒక డబ్బా ఆహారములో బి1 విటమిను లేకుండ తయారగుటచే దానినే నమ్ముకొన్న శిశువులు కొందరు మరణించిరి. కొందరు బ్రదికియు వికలాంగులైరి. డబ్బా మీద బొమ్మ యెంత బొద్దుగా నున్నను లోపలి సంగతి వేరు.

పథ్యమును గూర్చి ఒకమాట స్పష్టముగా చెప్పక తప్పదు. ప్రసవించిన పిమ్మట నెలయో, కొన్ని యిండ్లలో మూడు నెలలో, బాలెంతకు పాత బియ్యపుటన్నము, నెయ్యి, వెల్లుల్లి కారము, కాయము, ఇంతే. పప్పు వాతమట, ఆకుకూర బిడ్డకు విరేచనమట, పండు జలుబట. నెయ్యియు, వెల్లుల్లియు మంచివే. వానిని మేము కాదనము. పప్పును, కూరను, పండును తీసివేయుటయే తప్పు. బాలెంతకు దినమునకు సుమారు 2 మిల్లీగ్రాముల బి1 కావలెను. మరబియ్యము 100 గ్రాములలో నున్నది 0.06 మిల్లీగ్రాము. దినమునకు 400 గ్రాముల బియ్యము వండి పెట్టినను కాలు మిల్లీగ్రాము లెక్కకు రాదు. అదియు కడుగకముందు, గంజి వార్చకముందు! అదే దంపుడు బియ్యమో, ఉప్పుడు బియ్యమో యైనచో 100 గ్రాములకు 0.21, దినమునకు 0.84 మిల్లీగ్రాము. మిగిలినది కందిపప్పు, పెసరపప్పు, వేరుసెనగ, నువ్వులు, ఆకుకూరలు పూరింపవలెను. పురిటి గదిలో మాట చెల్లునది అత్తగారికో అమ్మగారికో గాని బాలెంతకు కాదని మాకు తెలియును. కావున ఈ పుటను అత్తగార్లే ముందుగా చదువవలెనని మా ప్రార్థన. మనుమని మీది ప్రేమ చేతనే వారు పథ్యము పెట్టుచున్నారు. ఆ ప్రేమ చేతనే పప్పు గిన్నెను కూడ గదిలోనికి పంపుదురు గాక.

మర చేయగా మిగిలిన నష్టము మన వంటయింటిలో జరుగును. బియ్యమును నాలుగైదు నీళ్లు కడుగుట శుచి యని మనలో నొక నమ్మకము. బి1 విటమిను నీటిలో కరగును. గట్టిగా పిసికి కడిగినచో నూటికి నలువది వంతుల వరకు అందులోనే పోవును. పిమ్మట ఎసరు మెండుగా పెట్టి, గంజి వార్చి, ఆ గంజిని పారబోసినచో మిగిలినదానిలో మరికొంత పోవును. మరి పోయినదంతయు నెక్కడికి పోయినది? తవుడు గేదెకు పెట్టితిమి. కడిగిన నీళ్లు, వార్చిన గంజి కుడితి తొట్టిలో పోసితిమి. ఇంటిల్లిపాదిలో సంపూర్ణమైన ఆహారము తిన్నది గేదె యొక్కతెయే! పూర్వులు తరవాణి కుండలో గంజిని పులియబెట్టి చద్దియన్నముతో బిడ్డలకు పోయుచుండిరి. కాఫీ వచ్చినది, తరవాణి కుండ పెరటిలో బోరగిలినది. బియ్యములో రాళ్లు, మట్టి ఏరి, ఒకటి రెండు నీళ్ళతో తేలికగా కడిగి, అత్తెసరు పెట్టి వండుకొన్నచో నష్టము చాల తగ్గును. గంజి వార్చు నలవాటున్నవారు దానిని చారులోనో పప్పులోనో కలుపుకొనవచ్చును. పప్పు త్వరగా నుడుకునని వంటసోడా వేయువారు కొందరున్నారు. సోడా బి1కు శత్రువు, అది వేయరాదు.

కన్నులను గూర్చియు కొంత వివరముగా చెప్పవలసియున్నది. దీపము పెట్టు వేళకు బిడ్డ తడుముకొనుచు నడచుట, పీట తగిలి పడుట, ఎదుట నున్న బొమ్మను గుర్తింపలేకపోవుట, ఇది రేచీకటి. ఏ విటమిను లోపమునకు ఇది మొదటి గురుతు. తరువాత తెల్లగ్రుడ్డు తడియారి, నల్లగ్రుడ్డు ప్రక్కన నురుగువంటి మచ్చ తేలును. అప్పటికిని చూడనిచో నల్లగ్రుడ్డు మెత్తబడి, కరగి, చూపు తిరిగిరాని విధముగా పోవును. ఆ కడపటి దశ మాత్రము నెలలు పట్టదు. కొన్ని దినములలోనే జరిగిపోవచ్చును. తట్టు పోసిన బిడ్డలకు ఈ భయము మరింత హెచ్చు. తట్టులో దేహము ఏ విటమినును వేగముగా వ్యయపరచుకొనును. సరిగా అప్పుడే మనము అమ్మవారని చెప్పి బిడ్డకు చప్పిడి కూడు పెట్టుదుము. తట్టు పోసిన బిడ్డకు వైద్యుని యొద్ద ఏ విటమిను ఇప్పించుట విధిగా చేయవలసిన పని.

హైదరాబాదు సంస్థలో జరిగిన పరిశోధనల ఆధారమున 1970 నుండి మన దేశమున అయిదేండ్లలోపు బిడ్డలకు ఆరునెలల కొకసారి ఏ విటమిను మందు నోట పోయు పథకము ఏర్పడినది. ఈ విటమిను నీటిలో కరగక క్రొవ్వులో కరగును, కాలేయమున నిలువ యుండును. అందుచేతనే ఆరునెలల కొక మోతాదు సరిపోవుచున్నది. తొమ్మిదవ నెలలో తట్టు టీకాతో మొదటి మోతాదు ఒక లక్ష యూనిట్లు, పదియారు మొదలు పదునెనిమిది నెలల మధ్య రెండవది, రెండు లక్షలు, ఆపైన అయిదేండ్లు నిండువరకు ఆరునెలల కొకటి, మొత్తము తొమ్మిది. మొదటి మోతాదు టీకాతో కూడి యుండుటచే తల్లులు మరువరు. తరువాతివి మరచువారే హెచ్చు. బిడ్డ టీకా చీటీని తీసి తొమ్మిది గళ్లలో నెన్ని నిండినవో ఒక్కసారి చూచుకొనవలెను.

మందు సంగతి అట్లుండ, ఏ విటమిను మన పెరటిలోనే పెరుగుచున్నది. మునగాకు, తోటకూర, గోంగూర, పాలకూర, పండిన బొప్పాయి, మామిడిపండు, గుమ్మడి, క్యారెట్టు. పచ్చగా ముదురు రంగున నున్న ఆకును, పసుపు కాషాయ వన్నె గల పండును నమ్మవచ్చును. గ్రుడ్డులోని పచ్చసొన, వెన్న, కాలేయము మరింత శ్రేష్ఠము. ఆకుకూరలో చెంచెడు నూనెయో నెయ్యియో ఉండవలెను. లేనిచో దేహమునకు పట్టదు. కూరలో కరివేపాకును ఏరి కంచము ప్రక్కన పెట్టుట మనకు సామెతయే అయినది. కరివేపాకులో ఏ విటమినుకు మూలమైన కెరోటీను ఎంత మెండుగా నున్నదో తెలిసినచో ఆ సామెతను మార్చుకొందుము. దానిని పొడిగొట్టి, నెయ్యి చేర్చి, మొదటి ముద్దలో కలిపి పెట్టినచో బిడ్డ ఏరివేయుటకు వీలుండదు.

మిగిలినవానిని గూర్చి క్లుప్తముగా చెప్పెదము. సి విటమినునకు ఉసిరికాయను మించినది లేదు. నారింజకు అనేక రెట్లు అందున్నది. జామపండును అట్టిదే, చౌకయైనది. డి విటమిను ఎండ వలన చర్మముననే పుట్టును. చంటిబిడ్డకు నూనె రాచి లేయెండలో పరుండబెట్టుట మన పెద్దల ఆచారము. అంతస్తుల మేడలలో కిటికీ తెరలు దింపుకొని యుండువారికి ఆ యెండయు కరవైనది. అందుచేత మొదటి యేడు దినమునకు 400 యూనిట్ల డి విటమిను చుక్కలు వైద్యులు వ్రాయుచున్నారు. రాగులలో సున్నపు సత్తువ విశేషము. ఆకుకూరలోని ఇనుము నిమ్మరసముతో బాగుగా పట్టును. భోజనము మీదనే త్రాగు కాఫీ, టీ నీళ్లు దానిని అడ్డగించును. మాంసము ముట్టని కుటుంబములలో బి12 విటమినుకు పాలు, పెరుగు, మజ్జిగ తప్ప వేరు దారి లేదు. ఆకుకూరలలో నది యుండదు. పాలును మానిన తల్లి చంటిబిడ్డకు పాలిచ్చుచున్నచో తప్పక వైద్యుని యడిగి బి12 పుచ్చుకొనవలెను. ఆ లోపము బిడ్డ బుద్ధి వికాసమునే దెబ్బతీయును.

ఫోలిక్ ఆమ్లమను బి జాతి విటమిను మాత్రము బిడ్డ పుట్టకముందే, ఇంకను చెప్పవలెనన్నచో కడుపున పడకముందే కావలసినది. గర్భము నిలిచిన మొదటి నాలుగు వారములలోనే శిశువు వెన్నుపాము రూపొందును; అప్పటికి పెక్కుమంది స్త్రీలకు తాము గర్భవతులమని తెలియనే తెలియదు. ఆ సమయమున ఫోలిక్ ఆమ్లము చాలనిచో వెన్నుపాము మూసికొనక బిడ్డ వికలాంగమున పుట్టవచ్చును. దీనిని అమెరికాలో 1945 ప్రాంతమున తయారుచేసిన శాస్త్రజ్ఞుల బృందమునకు నాయకుడు భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. తన సోదరులను స్ప్రూ యను జీర్ణకోశ వ్యాధి బలిగొన్న దుఃఖము ఆయనను వైద్యమునకు త్రిప్పినదందురు. ఆ వ్యాధికి మందుగా పనికివచ్చిన విటమినును ఆయన బృందమే వెలికితెచ్చినది. బిడ్డను కోరుకొను కోడలికి పెండ్లినాటి నుండియే వైద్యుని యడిగి ఆ చిన్న మాత్ర నిప్పించుట మంచిది.

ఇన్ని చెప్పినారు గదా, అన్నియు గల టానిక్కు సీసా యొకటి కొని పోయరాదా యని కొందరడుగుదురు. వైద్యుడు చూచి లోపమున్నదని చెప్పినప్పుడు తప్పక పోయవలెను. ఊరక పోయుట యెందుకు? నీటిలో కరగునవి హెచ్చైనచో చాలవరకు మూత్రమున పోవును; అప్పుడు నష్టపడునది మన డబ్బు. క్రొవ్వులో కరగు ఏ, డి విటమినులు అట్లు పోవు. దేహముననే పేరుకొని తలనొప్పి, వాంతులు, ఇంకను పెద్ద చిక్కులు తెచ్చును. తియ్యగా నున్నదని బిడ్డ అడిగినప్పుడెల్ల చెంచాడు పోయుటకు అది శర్బత్తు కాదు.

మరియొక సంగతి. చవుక దుకాణపు బియ్యములో ఇనుము, ఫోలిక్ ఆమ్లము, బి12 చేర్చిన గింజలను కలిపి పంచు పథకమును ప్రభుత్వమువారు 2021లో ప్రకటించిరి. బియ్యపు పిండిలో ఆ పదార్థములను కలిపి గింజల రూపమున ఒత్తి, నూరు గింజలకొక గింజ చొప్పున కలుపుట దాని పద్ధతి. ఆ గింజ రంగు కొంచెము వేరుగా నుండుట చూచి, ప్లాస్టిక్కు బియ్యమని వదంతి పుట్టి, ఓపికగా ఒక్కొక్క గింజను ఏరి పారవేసిన యిల్లాండ్రున్నారు. అది ప్లాస్టిక్కు కాదు. ఏరవలసిన పని లేదు. అయితే ఆ పథకమున బి1 విధిగా చేర్పవలసిన దానిలో లేదు గనుక దానిని చూచి దంపుడు బియ్యమును మరువరాదు.

దంపుడు బియ్యమునకు రెండు చిక్కులున్నవి. తవుడులో నూనె యుండుటచే త్వరగా ముక్కవాసన వచ్చును, పురుగు పట్టును. ఏడాదికి సరిపడ బస్తా కొనక, రెండు మూడు వారములకు సరిపడ తెచ్చుకొని మూత బిగుతుగా గల డబ్బాలో పోసికొనవలెను. ఉడుకుట ఆలస్యము, గంటసేపు నానబెట్టి, నానిన నీటితోడనే యెసరు పెట్టినచో కట్టెయు, గ్యాసును కలిసివచ్చును. రుచి మొదట ఎవ్వరికిని నచ్చదు, ముఖ్యముగా ఇంటి యజమానులకు. తెల్లబియ్యములో నాలుగవ వంతు కలిపి మొదలుపెట్టి, నెలకు కొంచెము చొప్పున పెంచినచో వారు కనుగొనలేరు. అదియు కుదురనిచో ఒక్క పట్టు మాత్రము వేసిన సింగిలు పాలిషు బియ్యమైనను తెచ్చుకొనవలెను. ఆరునెలలు నిండిన బిడ్డకు తల్లిపాలతో పాటు అన్నము మొదలుపెట్టునప్పుడు ఈ బియ్యమును దోరగా వేయించి, పెసరపప్పుతో కలిపి రవ్వగా విసరి, మెత్తగా నుడికించి, దింపిన పిమ్మట వెన్నపూస వేసి మెదిపి పెట్టవచ్చును.